పైవాళ్ల కారు

మా బావ నన్ను "మీరు" అన్న రోజు నాకు నిజంగా భయం వేసింది.

బావ అంటే మా అక్క భర్త. వరంగల్‌లో ఆయనకు కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. పెళ్లయిన నాటి నుంచీ నన్ను ఆయన సరిగ్గా పలకరించిన పాపాన పోలేదు. "ఏం బామ్మర్దీ, పొట్ట ముందుగాల వచ్చింది, నువ్వు ఎనుకకెల్లి వస్తానవా?" అంటాడు. నేను కాలేజీలో లెక్చరర్ని కాబట్టి, "పాఠం చెప్పినవా, పోరగాండ్లను పండవెట్టి వచ్చినవా?" అంటాడు. మా దిక్కు బావాబామ్మర్దుల మధ్య ఎగతాళి లేకపోతే చుట్టరికం చెడిందనే లెక్క. నలుగురిలో నన్ను పట్టుకొని ఆడించకపోతే ఆయనకు అన్నం సయించదు. పైకి విసుక్కుంటాను గానీ, ఆయన ఆడించకపోతే నాకూ తోచదు. అలాంటి మనిషి ఒక రోజు షెడ్డులో నన్ను చూసి, స్టూలు జరిపి, "కూసోండ్రి సారూ, ఏం పని మీద వచ్చిండ్రు?" అన్నాడు.

ఎందుకలా అన్నాడో నాకు తెలుసు. అందుకే అడగలేదు. కూర్చున్నాను, ఇచ్చిన చాయ్ తాగాను, వచ్చేశాను.

ఇది అర్థం కావాలంటే మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. శాస్త్రంలో రాసిందేమీ కాదు, మా నాయిన పెట్టింది. ఇంటికి కొత్త బండి ఏది వచ్చినా మొదట ఇంటి ఆడబిడ్డ ఎక్కాలి. నాయిన సైకిల్ కొన్నప్పుడు వెనక క్యారేజీ మీద అక్కను కూర్చోబెట్టుకొని వాడ మొత్తం తిప్పాడు. నేను ఏడ్చుకుంటూ వెనక పరుగెత్తాను. తర్వాత స్కూటర్ వచ్చినప్పుడూ అంతే. నేను ఉద్యోగంలో చేరి సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొనే నాటికి నాయిన లేడు, అయినా పద్ధతి తప్పలేదు. అక్క నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది, దిష్టి తీసింది, ముందు సీట్లో కూర్చుంది. ఊరి కోట ఖిలా దాకా పోయి రాతి తోరణాల దగ్గర ఒక చుట్టు తిరిగి వచ్చాం. దారి పొడుగునా అక్క కిటికీలోంచి తల బయటపెట్టి తెలిసిన మొఖం కోసం చూసింది, "మా తమ్ముని కారు" అని చెప్పడానికి. ఒక్కరూ దొరకలేదు. చివరికి బండి మీద మక్కకంకులు కాల్చే ఆమెకు చెప్పి తృప్తి పడింది. ఆ ఏటి నుంచి ప్రతి రాఖీ పున్నమకూ నాకు ఒకటి కట్టి, కారు లోపలి అద్దానికి ఇంకొకటి కట్టేది.

ఆ కారును వెతికి తెచ్చింది బావే. నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే, ఖిలాలోనే, జనం లేని పొద్దటి పూట. క్లచ్ వదలడం నాకు ఎంతకీ వచ్చేది కాదు. కారు ఎగిరి ఎగిరి ఆగిపోయేది. "గట్ల గాదు బామ్మర్దీ. పసిపోరడు నీ చెయ్యి మీద పండుకున్నడనుకో. వాడు లేవకుంట చెయ్యి ఎట్ల గుంజుకుంటవ్? గట్ల ఇడువాలె" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా ఎడమ కాలికి బుద్ధి వచ్చింది. కారులో ఏ చప్పుడు వచ్చినా ఫోన్ చేసేవాణ్ణి. ఆయన ఫోన్‌లోనే ఇంజన్ వినిపించమనేవాడు, ముందు నన్ను రెండు మాటలని, తర్వాత వచ్చేవాడు.

ఈ మధ్య మా కాలేజీలో ఒక సహోద్యోగి కరెంటు కారు కొన్నాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవగానే అదే కథ. బంకు మొఖం చూసి ఎన్నాళ్లయిందో అంటాడు, ఇంటి కరెంటు బిల్లు పెద్దగా పెరగలేదంటాడు. నా కాలేజీ ఊరి బయట. రోజూ పోయి రావడానికి పాత కారు తాగే పెట్రోలు చూస్తే కడుపు మండేది. బంకులో మీటరు తిరుగుతుంటే నేను వేరే దిక్కు చూసేవాణ్ణి. దాని ఏసీ ఎండాకాలం వస్తే చేతులెత్తేసేది. ఇక నేను లెక్క మొదలుపెట్టాను.

నా భార్య లెక్కల్లో నాకన్నా గట్టిది. "కొనేటప్పుడు పెట్టేది చూడవా? గా ఎక్కువ పెట్టే పైసలతోని పాత కారుకే ఎన్నేండ్లు పెట్రోలు వోసుకోవచ్చు?" అంది. అది నిజమే. కరెంటు కారు కొనేటప్పుడు ఒక్కసారే నడుము విరుస్తుంది. ఇన్సూరెన్స్ ఎక్కువ. బ్యాటరీ బరువుకు టైర్లు తొందరగా అరుగుతాయంటారు. ఆ బ్యాటరీ ఏనాడైనా పోతే సంగతేమిటో చెప్పిన వాడు లేడు. ఆదివారం గుడికీ బజారుకూ తీసేవాడికి అది దండగే. రోజూ దూరం పోయేవాడికి మాత్రం మెల్లమెల్లగా గిట్టుబాటవుతుంది. నాది రెండో బాపతు. అదీ సరిపోలేదని, పాత కారు పద్దులో సర్వీసింగ్ ఖర్చు కూడా కలిపాను. ఆయిలు, ఫిల్టరు, ప్లగ్గులు, క్లచ్ ప్లేటు, వాటికి మెకానిక్ కూలి. బజారులో ఎంత తీసుకుంటారో అంత వేశాను. అప్పుడు లెక్క నా వైపు తిరిగింది.

బావ నా దగ్గర ఏనాడూ కూలి తీసుకోలేదు. సామాన్లకు అయినంత తీసుకొని మిగతాది తిట్లతో సరిపెట్టుకునేవాడు. ఆ సంగతి తెలిసే ఆ ఖర్చు వేశాను. కారు మీద మోజు పడ్డవాడికి లెక్కలు ఎంత మెత్తగా వంగుతాయో నాకు అప్పుడు తెలిసింది.

ఒక సాయంత్రం షెడ్డులో ఈ కార్ల మాట వచ్చింది. బావ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "అది కారెట్లయితది? సక్రాలున్న సెల్‌ఫోను. రాత్రి చార్జింగ్ వెట్టుడు మర్సిపోతె పొద్దుగాల కాలేజీకి ఉరుకుడే" అన్నాడు. అక్కడున్న వాళ్లందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. అప్పటికి నేను కారు బుక్ చేసి వారమైంది.

చెప్పాల్సింది అప్పుడే. ఆ నవ్వులోనే "నేను కొంటున్న బావా" అనేస్తే రెండు రోజులు ఏడిపించి ఊరుకునేవాడు. చెప్పలేదు. ఇంటికొచ్చి భార్యతో, "ఆయన బతుకే ఇంజన్ల మీద. ఇంజన్ లేని కారు కొన్నామంటే నొచ్చుకుంటాడు. కొన్నాళ్లాగి మెల్లగా చెబుదాం" అన్నాను. ఎంత మర్యాదైన కారణం! అసలు సంగతి అది కాదు. ఆయన నొచ్చుకుంటాడని కాదు, నవ్వుతాడని భయం. ఇంత వయసొచ్చి, పిల్లలకు పాఠాలు చెప్పే నేను, బావ నవ్వుకు జంకి ఇంత పని చేశాను.

"మరి వదినె?" అంది నా భార్య. "ఆడిబిడ్డ లేకుంట పూజెట్ల జేస్తం?"

"అక్కకు చెప్తే బావకు చెప్పినట్టే గద."

ఆమె లేచి వంటింట్లోకి పోయింది.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మీట నొక్కి, కాలు మెల్లగా ఆనించాను. ఏ చప్పుడూ లేదు. నిమ్మకాయలు చితికిన చప్పుడు విన్నాకే కారు కదిలిందని తెలిసింది. ముందు సీట్లో నా భార్య మామిడిపండు రంగు పట్టుచీరలో కూర్చుంది. అక్క కూర్చోవాల్సిన చోటు అది. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరం గుడి గోపురం వైపు చూశాం.

ఆ కారు నడపడం ఎంత సుఖమో చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది, ఆడినవి చాలు. గేర్లు లేవు, క్లచ్ లేదు. కాలు ఆనిస్తే చాలు, పెద్ద చౌరస్తాలో పచ్చలైటు పడగానే ఆటోల కన్నా ముందుంటాం. కాలు తీస్తే తనకు తానే నెమ్మదిస్తుంది, బ్రేకుతో పనే తక్కువ. లోపల ఇంజన్ వణుకు లేదు, మన ఊపిరి మనకు వినిపిస్తుంది. ఇబ్బందల్లా బయట వాళ్లకే. వెనక నుంచి వస్తున్నామని మనుషులకూ తెలియదు, బర్లకూ తెలియదు. హారన్ కొడితే ఉలిక్కిపడి తిట్టేవాళ్లు. నా ఎడమ కాలు మాత్రం చాలా రోజులు ఒప్పుకోలేదు. ఆపాల్సి వచ్చినప్పుడల్లా లేని క్లచ్ కోసం కింద తడుముకునేది. అలా తడుముకున్న ప్రతిసారీ బావ మాట గుర్తొచ్చేది, పసిపోరడు లేవకుంట చెయ్యి గుంజుకో అన్నది. సుఖం సగానికి తగ్గేది.

పిల్లి కళ్లు మూసుకొని పాలు తాగినట్టు అలా పది రోజులు గడిపాను. రాఖీ పున్నమ వచ్చింది.

అక్క ఎప్పుడూ మధ్యాహ్నం వచ్చేది. ఆ రోజు పొద్దున్నే ఆటో దిగింది. మాది కింద మేముండి, పైన కిరాయికిచ్చిన ఇల్లు. ముందు వసారాలో కొత్త కారు, పాత కారు బయట రోడ్డు పక్కన. కొత్త కారును ఆ పూట ఎక్కడైనా పెట్టి రావాలనుకున్నాను గానీ, అక్క ఇంత పొద్దున వస్తుందనుకోలేదు. గేటు తీసి లోపలికి వచ్చి, కారు ముందు ఆగింది. కరెంటు కార్లకు వేసే పచ్చ నంబర్ ప్లేటు చూసింది. వేలితో బానెట్ మీద మెల్లగా రాసింది.

"ఎవ్వరిది తమ్మీ?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. "పైవాళ్లదక్కా" అన్నాను.

నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అక్క కారు ముక్కు దగ్గర నుంచి మా కిటికీ దాకా పాకిన నల్లటి వైరును చూసింది.

"పైవాళ్ల కారుకు కరెంటు మనదా?"

"బిల్లు వాళ్లే కడ్తరు."

ఒక అబద్ధానికి ఊతంగా ఇంకొకటి. అక్క నా మొఖంలోకి చూసింది. "మంచిగున్నది. దిష్టి తీపిచ్చుకున్నరో లేదో. సల్లగుండని" అని లోపలికి నడిచింది. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

అక్క పళ్లెంలో మూడు రాఖీలు పెట్టింది. ఒకటి నాకు కట్టింది. నేను కాళ్లకు మొక్కాను. ప్రతి ఏటి కన్నా ఖరీదైన చీర పెట్టాను, తప్పు చేసిన చెయ్యి ఎప్పుడూ ధారాళంగానే ఉంటుంది. తర్వాత బయటికి పోయి పాత కారు అద్దానికి ఇంకొకటి కట్టింది. మూడోది, ఎర్ర దారానికి పచ్చ పువ్వున్నది, మళ్లీ సంచిలో వేసుకుంది. ఎవరికోసమో అదనంగా తెచ్చింది కాబోలు అనుకున్నాను. దింపి వస్తానంటే, "పాత బండికి ఎందుకు తిప్పల? ఆటోల పోత" అంది.

ఆ తర్వాత నా నాటకం ఇంకా ముదిరింది. పాత కారు నడుస్తున్నట్టు కనిపించాలి కదా. వారానికోసారి దాన్ని తీసి, బంకులో పెట్రోలు పోయించి, షెడ్డు ముందు నుంచి ఒక చక్కర్ కొట్టి వచ్చేవాణ్ణి. పెట్రోలు ఖర్చు తప్పించుకోవడానికి కొత్త కారు కొన్నవాణ్ణి, అబద్ధం నిలబెట్టుకోవడానికి పెట్రోలు పోయిస్తున్నాను. లెక్కల్లో ఈ ఖర్చు ఏ పద్దులో వేయాలో తెలియలేదు. షెడ్డులో ఎవరైనా ఊరికే "కొత్త బండి" అన్నా, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మాట మార్చేవాణ్ణి. బావ ఎప్పటిలాగే ఎగతాళి చేసేవాడు, కానీ మధ్యమధ్య ఆగి నా వైపు చూసేవాడు. నేను చెప్పడానికి ఆయన ఇస్తున్న సందు అదని అప్పుడు తెలియలేదు.

భాద్రపదంలో నాకు ములుగులో పరీక్షల డ్యూటీ పడింది. వాన వెలిసి ఉక్కపోస్తున్న రోజు. ఏసీ పెట్టుకొని దర్జాగా బయల్దేరాను. దారి సగం కాకముందే తెర మీద చార్జింగ్ అంకె నేననుకున్న దానికన్నా తొందరగా దిగడం మొదలైంది. ముందు రోజు రాత్రి వైరు పెట్టాను గానీ, కరెంటు పోయి వచ్చినట్టుంది, సగమే ఎక్కింది. నేను చూసుకోలేదు. పాత కారులో ముల్లు కిందికి పడితే ఫికర్ ఉండేది కాదు, దారిలో ఏ కిరాణా కొట్టులోనైనా సీసాలో పెట్రోలు దొరికేది. సీసాలో కరెంటు ఎవడిస్తాడు? ఏసీ బంద్ చేశాను. అద్దాలు దించాను. బావ అన్న "ఉరుకుడే" చెవిలో మోగింది. చెమటలు కక్కుకుంటూ ములుగు చేరాను. అక్కడ చార్జర్ దగ్గర అప్పటికే ఒక కారు ఉంది. దాని వంతయ్యాక నాది పెట్టి, డ్యూటీకి నడుచుకుంటూ పోయాను.

సాయంత్రం తిరిగి వస్తుంటే ఫోన్ మోగింది, కారు స్పీకర్లోనే.

"ఏడున్నవ్ బామ్మర్దీ?" బావ.

"ములుగుకెల్లి వస్తాన బావా."

"మీ ఇంటి ముంగటున్న. నీ కారు ఈడనే ఉన్నది గద. మొన్న చక్కర్ కొట్టినప్పుడు స్టార్టింగ్ కష్టంగ అనిపిచ్చింది, బ్యాటరీ మారుద్దమని వచ్చిన. దేంట్ల వోయినవ్?"

పిలవకుండానే వచ్చాడు. నేను షెడ్డు ముందు నుంచి నాటకానికి తిప్పిన కారు చప్పుడు విని, దానికి ఒంట్లో బాగాలేదని కొత్త బ్యాటరీ పట్టుకొని వచ్చాడు. ఇంకో మనిషైతే అక్కడే కరిగిపోయేవాడు.

"బస్సుల వోయిన బావా. బస్సులనే వస్తాన."

ఆ పక్క ఏమీ వినపడలేదు. ఈ పక్క అంతకన్నా ఏమీ లేదు. కండక్టర్ అరుపు లేదు, ఇంజన్ మోత లేదు, కిటికీల దడదడ లేదు. అప్పటికి అద్దాలు మూసుకొని మెత్తగా వస్తున్నాను. జీవితంలో మొదటిసారి చప్పుడు కోసం మొక్కుకున్నాను.

"బస్సు మస్తు నిమ్మలంగ వస్తాంది గద" అన్నాడు బావ. "డ్రైవరు మంచోడున్నట్టున్నడు. పైలంగ రా." ఫోన్ పెట్టేశాడు.

ఇంటికి వచ్చేసరికి పాత కారుకు కొత్త బ్యాటరీ వేసి ఉంది. రెండు రోజుల తర్వాత డబ్బులివ్వడానికి షెడ్డుకు పోతే, "కూసోండ్రి సారూ" అన్నాడు. సామాను ధర తీసుకున్నాడు. లేచి వస్తుంటే, "పనికి కూలి గూడ ఇచ్చి పోండ్రి" అన్నాడు. బయటి వాళ్ల దగ్గర తీసుకున్నంత తీసుకున్నాడు. నా లెక్క నిజమైంది.

బతుకమ్మ ఆటకు నా భార్య అక్క వాళ్ల వాడకు పోయింది. తిరిగొచ్చి, తలలో పూలు తీయకుండా, చెప్పులు విడవకుండా కుర్చీలో కూలబడింది.

"వదినెకు ఎప్పుడో తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"గుడి కాడ పూజనాడు నీ పట్టుచీర మస్తుండె, స్టేటస్‌ల సూసినం అన్నది. చీర ఒక్కటే అన్నది. కారు మాట ఎత్తలే."

పూజనాడు నా భార్య కారు ముందు దిగిన ఫొటో ఫోన్‌లో స్టేటస్ పెట్టింది. అక్కకూ బావకూ వాళ్ల బిడ్డకూ కనిపించకుండా మరచిపోకుండా దాచింది. కానీ షెడ్డులో గిరాకీల కోసం బావ దగ్గర ఇంకో ఫోన్ ఉంది. ఆ నంబర్ మా ఫోన్లలో చుట్టాల పేరు మీద లేదు, "కారు రిపేర్" అని ఉంది. దాన్ని దాచడం మరిచింది. దండ వేసిన కారు, పక్కన ఇకిలిస్తున్న నేను, షెడ్డులో అందరూ చూసి ఉంటారు.

నేను మెల్లగా రోజులు వెనక్కి లెక్కపెట్టుకున్నాను. పూజ ముందు, రాఖీ తర్వాత. అంటే రాఖీనాడు అక్క అన్నీ తెలిసే వచ్చింది. తెలిసే కారు మీద చెయ్యి వేసింది, తెలిసే "ఎవ్వరిది తమ్మీ" అంది. నా నోటితో నేను చెప్పాలని అడిగింది. నేను పైవాళ్లదన్నాను. నాకు అక్కడికక్కడే భూమిలోకి పోవాలనిపించింది. ఆ పున్నమనాడు నా మొఖం ఎలా ఉండి ఉంటుందో అక్క కళ్లతో చూసుకున్నాను, చూడలేకపోయాను.

దసరానాడు బావ షెడ్డులో బండ్ల పూజ చేస్తారు. స్పానర్లు, జాకీలు కడిగి పసుపు కుంకుమ పెడతారు. చుట్టాలందరి బండ్లూ అక్కడికే వస్తాయి. పూజయ్యాక బావ ఒక్కో బండి ఎక్కి స్టార్ట్ చేసి, దాని గొంతు విని, ఒక మాటంటాడు. "దీనికి దగ్గు వట్టింది", "ఇది ఇంకో పదేండ్లు బతుకుతది" అని. ఆ మాటల కోసమే పిల్లలు గుంపు కడతారు. ఆ పొద్దున నేను కొత్త కారు తీశాను. భార్యనూ పిల్లలనూ వెనక కూర్చోమన్నాను. ముందు సీటు ఖాళీగా పెట్టుకొని షెడ్డుకు పోయాను.

మాటలు ఆగిపోయాయి. అక్క హారతి పళ్లెంతో వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి నా ముందు నిలబడింది.

"పైవాళ్ల కారు తెచ్చినవేంది తమ్మీ? అడిగే తెచ్చినవా?"

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వలేదు.

"పైవాళ్లది కాదక్కా. మనదే."

"మనదైతే నాకు తెల్వకుంట ఇంటికి వస్తుండెనా?"

"తప్పయిందక్కా" అన్నాను, అందరి ముందూ. అది చాలదని అంటున్నప్పుడే తెలుస్తోంది. బావ గొంతు సవరించుకున్నాడు. "పండుగ పూట ఏందే, హారతియ్యి" అన్నాడు అక్కతో. అక్క హారతి ఇచ్చింది, దిష్టి తీసింది. బావ కారెక్కి మీట నొక్కాడు. పిల్లలు చెవులు రిక్కించారు. ఏమీ వినపడలేదు.

"దీనికి గొంతు లేదు" అన్నాడు చివరికి. "మా బామ్మర్దికి గూడ లేకుండె. ఇద్దరికిద్దరు దొరికిండ్రు."

షెడ్డంతా నవ్వింది. బామ్మర్ది అన్న మాట విన్నందుకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దిగుతూ నా భుజం మీద గట్టిగా ఒకటి వేశాడు. "కరెంటుదైతేంది, పెట్రోలుదైతేంది? సెల్‌ఫోన్ కారని నేను నవ్విన నాడు నువ్వు గూడ నవ్వినవ్ సూడు, అది గుర్తొస్తె మాత్రం మండుతది" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

అక్క ముందు సీట్లో కూర్చుంది. ఖిలా వైపు తిప్పాను. ఈసారి కిటికీలోంచి తల బయట పెట్టలేదు, సంచి ఒళ్లో పెట్టుకొని ముందుకే చూస్తోంది. ఇంజన్ మోతైనా ఉంటే ఆ మౌనం కొంత కప్పుకుపోయేది. ఈ కారులో అన్నీ వినపడతాయి, ఆమె గాజులు కూడా. మక్కకంకుల బండి దాటాం. ఆమె ఆ వైపు చూడలేదు.

తోరణాల దగ్గర తిప్పుతుంటే నోరు విప్పింది. "నాయిన సైకిలు గిట్లనే పోతుండె. సప్పుడు లేకుంట. నువ్వేమో ఎనుక ఏడ్సుకుంట ఉరుకుతుంటివి."

అవును అన్నాను. కాసేపటికి ధైర్యం చేసి అడిగాను. "రాఖీనాడు మూడోది ఉండె గద అక్కా. దీనికే తెచ్చినవా?"

"ఆ."

"ఉన్నదా? ఇప్పుడన్న కట్టు."

"ఏడుంటది? పైవాళ్లదంటివి గద" అంది అక్క. "పోయేటప్పుడు గేటు కాడ పైవాళ్ల పిల్ల కనవడితె ఇచ్చిన, మీ కారుకు కట్టుకో బిడ్డా అని. మాకు కారు లేదు ఆంటీ, సైకిల్ ఉన్నది అన్నది. సరె, దానికే కట్టుకొమ్మన్న."

మా వసారాలో నేను రోజూ కారుకు వైరు పెట్టే చోటుకు ఆనుకొనే ఆ పిల్ల సైకిల్ ఉంటుంది. దాని హ్యాండిల్‌కు ఎర్ర దారంతో ఒక పచ్చ పువ్వు కట్టి ఉంది. రాఖీ నాటి నుంచి వాన జల్లుకు వెలిసిపోతూ అక్కడే ఉంది. నేను రోజూ పొద్దున దాన్ని పక్కకు జరిపి కారు తీస్తున్నాను.